వెన్నెల ఎవరి మీద కురిసింది? (తెర మీద వాడ – 6)



పోయిన భాగంలో సినిమావాళ్ళు మన నోట పెట్టిన మాటల గురించి రాశాను. అది చదివి కొందరు ఒకటే అడిగారు: "1938లోనే 'మాలపిల్ల' తీశారు కదా, అంటరానితనం తప్పని తెర మీద అంత గట్టిగా చెప్పించారు కదా, ఇంకేం కావాలి మీకు?" న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం మాటల్లో లేదు. శబ్దం తీసేసి బొమ్మను చూస్తే దొరుకుతుంది. వెలుగు ఎవరి మీద పడింది? ఒంటి రంగును ఏం చేశారు? కెమెరా ఊళ్ళో నిలబడి వాడను చూసిందా, వాడలో నిలబడి ఊరిని చూసిందా? తెలుగు సినిమా చరిత్రను ఈ లెక్కన చదివితే వేరే చరిత్ర బయటపడుతుంది. మాటలు సమానత్వం చెబుతుంటే బొమ్మ పక్కనే నిలబడి తల అడ్డంగా ఊపిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ముందు 'మాలపిల్ల'కు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. కథ చలం. మాటలు తాపీ ధర్మారావు. తీసిన సారథి సంస్థ వెనక చల్లపల్లి జమీందారు ఉన్నాడు. గాంధీ హరిజన యాత్ర ఆంధ్రలో నడిచి అప్పటికి నాలుగైదేళ్ళు. తిరువాన్కూరులో గుడి తలుపులు తెరుస్తూ రాజు ప్రకటన చేసి (1936) రెండేళ్ళు. తెర నిండా దేవుళ్ళే తిరుగుతున్న ఆ రోజుల్లో మన కులం పేరును పోస్టరు మీదికి ఎక్కించారు. గుడి, నీళ్ళు, పూజారి కొడుకు ప్రేమ, అన్నిటినీ కథలోకి తెచ్చారు. చిన్న సాహసం కాదు.

ఇప్పుడు బొమ్మ. ఆ పిల్ల పేరు శంపాలత. శంప అంటే మెరుపు. నిఘంటువు తీస్తే తప్ప అర్థం తెలియని పేరు. ఆ రోజుల్లో కోస్తా మాలపల్లెలో ఏ తల్లి తన బిడ్డను "శంపాలతా, ఇటు రావే" అని పిలిచి ఉంటుంది? మన వాడల్లో మరియమ్మలు, నాగమ్మలు, కోటమ్మలు ఉంటారు. పేరులోనే వెలుగు పెట్టారు, ఆ తర్వాత ముఖం మీద పెట్టారు. ఆ ముఖం కాంచనమాలది. తెలుగు తెర తొలి అందాల తార అని ఇప్పటికీ ఆమె గురించి రాస్తారు. ఆమె మాలపల్లెలో పుట్టలేదు. నటి ఏ కులమైనా కావచ్చు, నటనకి కులం ఉండకూడదు, ఒప్పుకుంటాను. కానీ పూజారి కొడుకు ప్రేమించడానికి తగిన మాలపిల్ల ఎలా ఉండాలని ఆ సినిమా అనుకుందో ఆ ఎంపికలోనే ఉంది. ఆమెను మాలపిల్లగా నమ్మాల్సింది పాత్ర పేరును బట్టి, కథను బట్టి. కంటికి మాత్రం అప్పటిదాకా చూసిన నాయికలాగే, అంతకంటే మెరుగ్గా కనబడాలి. అంటే ప్రేక్షకుడు కులాన్ని దాటాల్సిన అవసరం లేకుండా సినిమాయే దాటించేసింది. కథలో ఆమె కలకత్తా వెళ్ళి చదువుకుంటుంది కూడా. ఇక అడ్డమేముంది?

నలుపు తెలుపు సినిమాలో రంగులుండవు, బూడిద రంగు మెట్లే ఉంటాయి. ఎవరి ముఖం ఏ మెట్టు మీద ఉండాలో మేకప్పు, దీపాలు కలిసి నిర్ణయిస్తాయి. నాయిక ముఖానికి ఎదురుగా మెత్తటి దీపం, వెనక నుంచి జుట్టు అంచున మెరిసేలా ఇంకో దీపం. గుంపులో కూర్చున్న ముసలోళ్ళకి అంత శ్రద్ధ ఎవరు పెడతారు? వాళ్ళకి గుంపుకంతా కలిపి ఒక దీపం. సినిమాలో కులం మొదట కనబడేది ఈ దీపాల పంపకంలో. ఎవరికి విడిగా వెలుగిచ్చారు, ఎవరికి టోకున ఇచ్చారు అన్నది చూడండి చాలు.

ఈ సంగతి ఇంకా బాగా అర్థం కావాలంటే కేరళ దాకా పోవాలి. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. జె.సి. డేనియల్ తీశాడు. అందులో నాయిక పి.కె. రోజీ, దళిత స్త్రీ. ఆమె వేసింది నాయర్ స్త్రీ పాత్ర. తిరువనంతపురంలో బొమ్మ పడగానే సవర్ణులు రెచ్చిపోయారు. దళిత స్త్రీ తెర మీద నాయర్ స్త్రీగా కనబడటమా అని. ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. ఇవాళ ఆ సినిమా రీలు ఒక్కటి కూడా మిగల్లేదు. పదేళ్ళ లోపే ఇటు మాలపల్లెలో పుట్టని నటి మాలపిల్లగా కనబడి జేజేలు అందుకుంది. ఒక స్త్రీ పైకి ఎక్కినట్టు కనబడితే రాళ్ళు, ఒక స్త్రీ కిందికి దిగినట్టు కనబడితే పూలు. రెండు చోట్లా గొడవ, మెప్పు అన్నీ కంటికి కనబడే దాని గురించే.

సాహిత్యం పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 'మాలపిల్ల' వచ్చిన మూడేళ్ళకి, 1941లో, జాషువా 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే జాషువా అరుంధతీ సుతుడు గబ్బిలాన్ని పంపాడు. నల్లది, చీకట్లో తిరిగేది, ఇంట్లోకొస్తే అపశకునమని జనం తరిమేది. అతనికి ప్రవేశం లేని గుడి గర్భంలో అది తలకిందులుగా వేలాడగలదు, శివుడి చెవిలో మాట వేయగలదు. ఒకే దశాబ్దంలో రెండు బొమ్మలు చూడండి. ఊరి నుంచి వాడ గురించి చెప్పాలనుకున్నవాళ్ళు మెరుపును ఎంచుకున్నారు. వాడలో పుట్టినవాడు నల్లటి పిట్టను ఎంచుకున్నాడు. జాషువా కెమెరా పట్టలేదు గానీ దృశ్యం ఎలా కట్టాలో ఆ రోజుల్లో ఆయనకు తెలిసినంతగా మన స్టూడియోలకి తెలియదని నా అభిప్రాయం.

తెలుగు కెమెరా పనితనం మాట వస్తే అందరూ మొదట చెప్పేది 'మాయాబజార్' (1957) వెన్నెల. మార్కస్ బార్ట్లీ నౌకావిహారం పాటకి తెచ్చిన వెన్నెల. ఆకాశంలోంచి దొరికింది కాదు, ఛాయాగ్రహణ నేర్పుతో పుట్టించింది. నేనూ మురిసిపోతాను దాన్ని చూసి, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయితే ఒక లెక్క వేయండి. ఆ తర్వాత ఎన్ని వందల తెలుగు పాటల్లో వెన్నెల కురిసి ఉంటుంది? అందులో మాలవాడ మీద, మాదిగవాడ మీద, గూడెం మీద కురిసింది ఎన్నిసార్లు? మా గుడిసెల మీద తెలుగు సినిమా మంట వేసింది. వర్షం కురిపించింది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఎవడో పరిగెత్తుతాడు, వెనక కుక్క అరుస్తుంది. వెన్నెల మాత్రం అటు రాలేదు. వాడ అనగానే భయం, జాలి, లేదంటే తప్పతాగి డప్పు. ప్రశాంతంగా ఒక రాత్రి, ఒక ఆడమనిషి అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటూ ఉండే రాత్రి, తెలుగు తెర మాకు ఇవ్వలేదు.

అమెరికాలో 2016లో 'మూన్‌లైట్' అని సినిమా వచ్చింది, ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం అయింది. నల్లజాతి పిల్లవాడి కథ. దానికి మూలమైన నాటకం పేరుకు అర్థం, వెన్నెల్లో నల్లపిల్లలు నీలంగా కనిపిస్తారని. దర్శకుడు బ్యారీ జెంకిన్స్, కెమెరామన్ జేమ్స్ లాక్స్‌టన్ నటుల ముఖాలకి మెరుపు చచ్చిపోయేలా పౌడర్ అద్దలేదు. నూనె రాయించారు. నల్లటి చర్మం వెలుగును తిరిగి విసురుతుంది, దాన్ని చంపొద్దు, పట్టుకో అని వాళ్ళ లెక్క. మా అమ్మమ్మలు పిల్లలకి కొబ్బరినూనె రాసి బడికి పంపినప్పుడు ఆ ముఖాలెట్లా ఉండేవో గుర్తు తెచ్చుకోండి. బడిలో దాన్ని జిడ్డుమొహం అన్నారు.

ఇందులో యంత్రం పాత్ర కూడా ఉంది. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు ల్యాబులకి షర్లీ కార్డు అని ఒకటి పంపేది. అందులో ఒక తెల్లావిడ ఫొటో. ఆమె ఒళ్ళు సరిగ్గా కనబడితే రంగులు సరిగ్గా ఉన్నట్టు. మిగతా ప్రపంచం ముఖాలు ఎలా వస్తే అలా. ఆ ఫిల్ము మారడానికి కారణం నల్లవాళ్ళ గోడు కూడా కాదట. చాక్లెట్ల వాళ్ళు, చెక్క సామాన్ల వాళ్ళు తమ సరుకులో ముదురు, లేత ఛాయల తేడా తెలియట్లేదని మొర పెట్టుకున్నాకే కదిలారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే చెప్పారు. ఆ ఫిల్ములే మద్రాసుకి వచ్చాయి. ఆ ఫిల్ములే మన ఫొటో స్టూడియోలకి వచ్చాయి. పెళ్ళిచూపుల ఫొటో అంటే ముందు పౌడరు, ఆ తర్వాత టచప్. 2020లో వచ్చిన 'కలర్ ఫొటో' ఈ నొప్పి మీదే నిలబడింది, నల్లటి అబ్బాయి ప్రేమకథ. అందులో సుహాస్ ముఖం మీద కెమెరా ఆగినంతసేపు తెలుగులో అలాంటి ముఖం మీద ఆగడం అరుదు.

రంగు సంగతి ఇది. ఇక కెమెరా నిలబడే చోటు సంగతికి వద్దాం. మన ప్రాంతం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే భద్రాచలం పేరు తెలుగు తెర మీద ఎప్పుడొచ్చినా నాకు ఒక పడవ కనబడుతుంది. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండిట్లోనూ రాజమండ్రిలో ఎక్కి గోదావరి మీద భద్రాచలం వైపు ప్రయాణం. పాపికొండలు అందంగా ఉంటాయి. ఆ సినిమాలూ హాయిగా ఉంటాయి, నేను కాదనను. కానీ కెమెరా పడవ దిగదు. దిగినా పాట కోసమో ఒక ముచ్చట కోసమో దిగి మళ్ళీ ఎక్కేస్తుంది. ఒడ్డున కోయల, కొండరెడ్ల ఊళ్ళు పచ్చదనంలో కలిసిపోయి జరిగిపోతుంటాయి. పడవలో ఉన్నవాళ్ళకి మనసులుంటాయి, ఒడ్డున ఉన్నవాళ్ళకి దృశ్యం మాత్రమే ఉంటుంది. ఆ ఒడ్డు ఊళ్ళలో చాలావాటిని 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి కోసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, ముంపు కింద రాసేశారు. అందమైన ప్రదేశంగా తప్ప మనుషులుండే చోటుగా కంటికి అలవాటు కాని నేలను ముంచడం సులువు. సినిమా ముంచిందని అనను. ముంచినప్పుడు మనకి ఎవరి ముఖమూ గుర్తు రాకపోవడంలో దాని వంతు ఉందంటాను.

1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, చింతపల్లి అడవులు. తెర అంత వెడల్పు అయింది కదా, ఆదివాసులకి చోటు దొరికిందా అంటే దొరికింది, వరసల్లో. మధ్యలో నాయకుడు, అటూ ఇటూ విల్లులు పట్టుకున్న వరసలు. తక్కిన సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈకలు కట్టి మంట చుట్టూ ఎగిరించారు. మా వైపు కొమ్ముకోయలు తలకి కట్టేది అడవిదున్న కొమ్ములు. ఆ ఈకలు ఏ హాలీవుడ్ సినిమాలోంచి రాలిపడ్డాయో.

కెమెరా గడప లోపలికి వెళ్ళి కూర్చున్న సినిమా నాకు తెలిసి 'దాసి'. 1988. బి. నర్సింగరావు దర్శకుడు. దానికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి: తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకి సుదర్శన్. గమనించారా, అయిదింట్లో మూడు కంటికి సంబంధించినవే. నిజాం కాలపు గడీ. కమలాక్షి అనే ఆడబాప. ఇల్లు ఊడ్వాలి, నీళ్ళు తోడాలి, దొర పిలిస్తే వెళ్ళాలి. కడుపొస్తే తీయించుకోవాలి. మాటలు చాలా తక్కువ. ఏ పాత్రా లేచి వెట్టిచాకిరీ గురించి ఉపన్యాసం ఇవ్వదు. గడీ గోడల మందం, తలుపులోంచి పడే వెలుగు, మట్టిరంగు చీర, ఒక పని అయ్యేదాకా కదలకుండా ఉండే కెమెరా, వీటితోనే మనకి ఊపిరాడకుండా చేస్తాడు.

మా డిగ్రీ పిల్లలకి ఒకసారి దీని మొదటి అరగంట శబ్దం తీసేసి చూపించాను. ముందు నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత క్లాసు నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది, "సార్, ఆమె పని ఎప్పుడు అయిపోద్ది?" అంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు. సమయం ఎవరిదో ఆ పిల్లకి కంటితో అర్థమైంది. దొర సమయం ఖాళీగా ఉంటుంది, దాసి సమయం నిండిపోయి ఉంటుంది. కెమెరా దాసి సమయాన్ని పట్టుకుని కూర్చుంది.

వైకుంఠం గురించి రెండు ముక్కలు. కరీంనగర్ వైపు బూరుగుపల్లి ఆయనది. ఆయన బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ళు నల్లగా, నిండుగా, పెద్ద బొట్టుతో, ఎర్రటి చీరలతో ఉంటారు. ఆ నలుపుకి ఎక్కడా క్షమాపణ ఉండదు. 'దాసి'లో ఆ కన్ను పనిచేసింది. అర్చన ఛాయ కూడా దాచాల్సినదిగా కాక కథలో భాగంగా వచ్చింది. శంపాలత నుంచి కమలాక్షి దాకా సరిగ్గా 50 ఏళ్ళు పట్టింది.

అయినా నాకు 'దాసి'తో ఒక పేచీ ఉంది. నర్సింగరావు భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చి ఆ గడీని లోపలి నుంచి నిలదీశాడు, అది గొప్ప సంగతే. కానీ ఆ ఫ్రేములు ఎంత అందంగా ఉంటాయంటే, కొన్నిచోట్ల బాధ ఒక చిత్తరువైపోయి గోడకి తగిలించుకోవచ్చనిపిస్తుంది. ఆమెను మనం చూస్తాం. ఆమె మనల్ని చూడదు. ఆ చూపు తిరగబడటానికి మరాఠీలో నాగరాజ్ మంజులే రావాల్సి వచ్చింది.

ఈ తిరగబాటు మొదలైంది మాత్రం మన తెలంగాణలోనే, ఒక రాయితో. శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974), కెమెరా గోవింద్ నిహలానీ. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో తీశారు. దళిత స్త్రీ లక్ష్మిగా షబానా ఆజ్మీ. చివర్లో దొర ఆమె మొగుణ్ణి కొరడాతో కొడతాడు. అంతా చూసిన ఒక చిన్న పిల్లాడు దొర కిటికీ మీదికి రాయి విసిరి పరిగెత్తుతాడు. తెరంతా ఎర్రబడుతుంది. రాయి దొర ఇంటి అద్దానికి తగిలింది, మనం ఇవతల క్షేమంగా కూర్చున్నాం. 2013లో 'ఫాండ్రీ' చివర్లోనూ ఒక పిల్లాడు రాయి విసురుతాడు. ఈసారి అది నేరుగా కెమెరా మీదికి వస్తుంది. అంతకుముందే అతని కుటుంబం పట్టిన పందిని మోసుకుంటూ బడి గోడ పక్కగా నడుస్తుంది. ఆ గోడ మీద అంబేద్కర్, ఫూలే బొమ్మలు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆ షాటు చూసి నేను బయటికి వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. దళిత దర్శకుడు కెమెరా పడితే రాయి ఎటు వెళ్తుందో దిశ మారింది, అంతే తేడా. ఆ తేడా కోసం 39 ఏళ్ళు.

తెలుగులో ఆ రాయి ఇంకా గాల్లోనే ఉంది. కరుణకుమార్ 'పలాస 1978' (2020) దాన్ని చేతిలోకి తీసుకుంది. కళాకారుల ఇళ్ళనీ, ఆ ఇళ్ళ ముందు బతుకునీ దగ్గరగా చూపించింది, తర్వాత కత్తుల గోలలో పడింది. దాని గురించి విడిగా రాస్తాను.

చివరిగా బొగ్గు. 2023లో 'దసరా' వచ్చినప్పుడు కొత్తగూడెంలో అందరూ చూశారు, సింగరేణి నేల కథ అని. సత్యన్ సూర్యన్ కెమెరా బాగుంది, ఆ మసక, ఆ దుమ్ము, బొగ్గు రైలు మీద ఎగబాకే ఒళ్ళు. నానికి మసి పూశారు. ఇక్కడే ఆగాను నేను. మసి కింద ఉన్న ఒంటి రంగు, మసి రంగు ఒకటి కావు. బొగ్గు నింపే పనిలో మొదటి నుంచీ మనవాళ్ళూ, వెనకబడిన కులాలవాళ్ళే ఎక్కువ. వాళ్ళని చూసి బయటివాళ్ళు రాసేది ఎప్పుడూ ఒకటే, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడలేదని. అది మనుషుల వర్ణన కాదు, ఎక్స్‌పోజర్ తప్పు. ఆకాశానికి సరిపోయేలా కెమెరా పెడితే ముఖం చీకటైపోతుంది. పీవీకే ఇంక్లైన్ దగ్గర షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను వాళ్ళ పిల్లలు వంద గజాల దూరం నుంచి, మసి ముఖం మీద కూడా ఎవరు నాన్నో పోల్చుకుంటారు. ఆ కన్ను ఏ లెన్సుకీ ఇంకా రాలేదు.

పోయిన ఏడు మా విద్యార్థులు ఇద్దరు ఫోనుతో ఏడు నిమిషాల సినిమా తీశారు. రిటైరైన కోల్ ఫిల్లర్, ఒకరి తాతే. గనిలో వాడే క్యాప్ ల్యాంపు ఇంటికి రాదు, ల్యాంప్ రూములో అప్పజెప్పి రావాలి కాబట్టి మామూలు టార్చి ఆయన తలకి గుడ్డతో కట్టారు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశారు. ఫోను ఊరుకోదు కదా, చీకటి చూడగానే తనంతట తనే ముఖాన్ని తెల్లబరచడం మొదలుపెట్టింది. తాత బూడిద పూసుకున్నట్టు కనిపించాడు. పిల్లలు చాలాసేపు కుస్తీ పట్టి, చివరికి తెర మీద ఆయన చెంప ఉన్నచోట వేలు పెట్టి నొక్కి పట్టుకున్నారు, అప్పుడు వెలుగు లాక్ అయింది. ఆ తర్వాత చేతులతో బొగ్గు తట్ట ఎత్తినట్టు చూపిస్తూ ఆయన చెప్పింది సగం దగ్గుకి వినబడలేదు. ముఖం మాత్రం ముఖంలాగే వచ్చింది.